గులాబీ పెరుగు

ఇది నిజంగా జరిగిందండీ అని నేను మొదలుపెడితే మా వీధిలో ఒక్కరు కూడా చివరిదాకా వినరు. నవ్వేసి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేం లేదు. సూరాయమ్మ పిన్ని కోడిపెట్ట మాట్లాడుతోందని చెప్పి, గంప కింద సెల్‌ఫోను దాచి, ముగ్గురు ముసలమ్మలచేత ఆ కోడికి దండం పెట్టించిన వాణ్ణి నేను. పెళ్ళివారి బస్సు చెడిపోయిందని చెప్పి పెళ్ళికొడుకుని బాసికంతో సహా కాలవ గట్టు మీద నడిపించిన వాణ్ణి నేను. ఏడో క్లాసు తప్పాక చదువు మానేశాను గానీ ఈ బుద్ధి మానలేదు. యాభై రెండేళ్ళొచ్చినా ఊళ్ళో నా పేరు ఇంకా బుల్లబ్బాయే.

మీరైతే కొత్తవాళ్ళు కాబట్టి మీకు చెప్పుకుంటాను. చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గడం లేదు. అయినా చెప్తాను.

మా అక్క తాయారు, బావ తాతారావు. రామచంద్రాపురంలో కాలవ గట్టు వీధి మాది. నేను పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళ వీధరుగు పక్క గదిలోనే నా మకాం. బావ ఆడవాళ్ళ జాకెట్లు కుడతాడు. మాట తక్కువ మనిషి. మిషను చప్పుడే ఆయన మాట. కాళ్ళు తొక్కుతుంటే టకటకటక అని ఒకే వరస, సన్నాయి మేళంలో తాళం తప్పినా తప్పుతుందేమో గానీ అది తప్పేది కాదు. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళమ్మ అస్థికలు తీసుకుని కాశీ వెళ్ళాడు. కాశీలో ఇష్టమైనదేదో వదిలేయాలంటారు కదా, అందరూ కాకరకాయో సీతాఫలమో వదిలి వస్తారు. మా బావ చేప, మాంసం, గుడ్డు మూడూ వదిలేసి వచ్చాడు. పులస దొరికే ఊళ్ళో పుట్టి! అప్పట్నించీ పప్పు, కూర, పెరుగు. అన్నం కంటే పెరుగే ఎక్కువ తింటాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హైమ. పెద్ద చదువు చదివింది. బైపాసు రోడ్డులో ఉన్న ల్యాబులో చేరి, అక్కడే క్వార్టర్సులో ఉంటూ, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేది. నన్ను కూడా అక్కడ పెట్టించింది. గిన్నెలు కడగడం, పాలు కాయడం, తోడెయ్యడం నా పని. నవ్వకండి. ఆ ల్యాబులో తయారయ్యేదే పెరుగు తోడు.

మొదటి రోజున నేనడిగాను. "ఏమ్మా హైమా, ఇంత చదువూ చదివి పెరుగమ్ముతావా?"

"అమ్మను మామయ్యా, ఊరికే ఇస్తాను" అంది నవ్వుతూ. "ఒంట్లో పనులు నడవాలంటే చిటికెడు చిటికెడు విటమిన్లు కావాలి. చాలావాటిని మన ఒళ్ళు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఒకటి తక్కువైతే రేచీకటి. ఒకటి తక్కువైతే చిగుళ్ళలోంచి నెత్తురు. బియ్యం మరీ తెల్లగా పట్టిస్తే ఇంకోటి పోయి కాళ్ళు వాస్తాయి. మాత్రలు ఇస్తే నెల మింగి మానేస్తారు. అదే పెరుగు తోడులోనే విటమిన్లన్నీ పుట్టేటట్టు చేస్తే?"

"చేస్తే?"

"ఒక ఇంటికి ఒక్క చెంచా ఇస్తే చాలు. పక్కింటావిడ వచ్చి తోడు అడుగుతుంది. ఆవిడ దగ్గర ఇంకొకావిడ. మనం ఎవరికీ పంచక్కర్లేదు. ఊరంతా అదే పాకుతుంది."

మా అక్క కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, చెంచాడు తోడుతో ఊళ్ళకి ఊళ్ళని బాగుచేస్తానంటోంది!

ఆరు రకాల తోళ్ళు తయారుచేశారు. ఒక్కోదానికి ఒక నంబరు. వాటిల్లో నాలుగో నంబరు పెరుగు చూడాలి మీరు. గిన్నె బోర్లించినా జారదు. పైన తేరిన నీళ్ళలో పల్చగా గులాబీ రంగు. బి పన్నెండు అనే విటమిను ఎర్రగా ఉంటుందట, అది ఎక్కువ పుడుతోంది కాబట్టి ఆ రంగట. రెండు నెలలు అందరూ నాలుగో నంబరు చుట్టూనే తిరిగారు.

ఒక రోజు హైమ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చి, "మామయ్యా, నాలుగు వద్దు. బాగా మరిగించి, గోతిలో పోసి సున్నం చల్లెయ్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఎందుకమ్మా అని అడగలేదు నేను. రంగు రావడం వల్ల జనం తినరని మానేశారు కాబోలు అని నాకు నేనే చెప్పుకున్నాను. మరిగించాను. గోతిలో పోశాను. సున్నం చల్లాను. మరిగించేముందు మాత్రం ఒక్క చెంచా తీసి నా క్యారేజీ గిన్నెలో దాచాను.

దొంగతనం అనుకోలేదండి. తమాషా అనుకున్నాను.

ఆ తమాషా ఏంటో చెప్తాను. హైమ తోడు ఏదో ఒక రోజున గెలుస్తుంది, పేపర్లో పడుతుంది, ఊళ్ళో సన్మానం చేస్తారు. ఆ రోజున మా వీధి వీధంతా తలో గిన్నె పట్టుకుని ఎదురెళ్ళి, "ఓసి పిచ్చిదానా, నీ పెరుగు మేం ఎప్పట్నించో తింటున్నాం" అనాలి. అప్పుడు దాని మొహం చూడాలి. అదీ నా పథకం. అక్కకి చెప్పాను, పొంగిపోయింది. సూరాయమ్మ పిన్నికి చెప్పాను, తోడు పట్టుకెళ్ళింది. నెల తిరిగేసరికి ఇరవై మూడు ఇళ్ళల్లో గులాబీ పెరుగు. ఎవరింటికి చేరిందో లెక్క నేనే ఉంచుకున్నాను, సన్మానం రోజున పిలవాలి కదా. హైమకి తెలియకూడదని అందరిచేతా ఒట్టేయించాను.

మా బావ చిత్రం చూడండి. జన్మలో ఎవర్నీ ఆటపట్టించి ఎరగని మనిషి, "నేనూ ఉంటానోయ్" అన్నాడు. ఆదివారం హైమ వచ్చే వేళకి తనే వెళ్ళి ప్యాకెట్టు పెరుగు తెచ్చేవాడు. "ఏంటి నాన్నా, ఇంట్లో తోడు లేదా?" అని అది అడిగితే, "మీ అమ్మ మర్చిపోయిందమ్మా" అని చెప్పి, నా వైపు చూసి, నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయేవాడు. ఆ వెళ్ళడం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. అప్పటికి కాళ్ళు బాగానే ఉన్నాయి.

ఎనిమిది నెలలయ్యాక బావ నాలుక ఎర్రబడింది. కారం తగిలితే మంట అన్నాడు. "అక్కతో పోట్లాడలేక నాలుక కొరుక్కుంటున్నాడు" అన్నాను. తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు. నడుస్తుంటే చెప్పు జారిపోయేది, జారిన సంగతి ఆయనకి తెలిసేది కాదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేవాడు. "ఇంకోటి ఎవరింట్లో వదిలావు బావా?" అని వీధికి వినపడేలా అరిచేవాణ్ణి. వేలికి సూది గుచ్చుకుని, తెల్ల జాకెట్టు మీద నెత్తురు చుక్కలు పడేదాకా చూసుకోలేదు ఒకసారి. కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంటూ తూలిపోయాడు. దానికీ ఏదో అన్నాను. అన్నింటికీ ఏదో ఒకటి అన్నాను.

అక్క భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తపరీక్ష చేసి, బి పన్నెండు కావలసినదానికంటే ఎక్కువే ఉందన్నాడాయన. హైమ కూడా ఆ కాగితం చూసింది. "నేను మొదట అదే అనుకుని భయపడ్డాను నాన్నా, అది కాదులే" అని ఊపిరి పీల్చుకుంది. నరాల నీరసమని ఏవో మాత్రలు రాశారు.

ఇంతలో సూరాయమ్మ పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్ వచ్చింది. షామియానా, మైకు, మూడొందల మంది. భోజనాలయ్యాక ఎవరో నా చేతికి మైకిచ్చి, "బుల్లబ్బాయ్, ఏదైనా ఒకటి!" అన్నారు. నేను స్టేజీ ఎక్కి బావ నడక చేశాను. కాళ్ళు ఎడంగా పెట్టి, చూపు నేల మీదే ఉంచి, పాదం ఎత్తి దబ్‌మని కొట్టడం, రెండడుగులకొకసారి తూలి గాలిని పట్టుకోవడం. జనం పడీపడీ నవ్వారు. బావ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయనా నవ్వాడు.

తర్వాత చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రా బావా వెళ్దాం అంటే, "నువ్వు పదవోయ్, నే వత్తాను" అన్నాడు. కుర్చీలు మడతపెట్టేవాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు లేచి ఇంటికొచ్చాడు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు. బావమరిదిని కదా, బావని ఏమన్నా చెల్లుతుందనుకున్నాను.

తర్వాత వారం ల్యాబుకి బడిపిల్లలొచ్చారు, చూసి వెళ్ళడానికి. హైమ వాళ్ళకి అన్నీ చూపిస్తూ, "బుల్లబ్బాయి మామయ్యా, నీ తాళాలగుత్తి ఒకసారి ఇవ్వు" అంది. నేను నడుముకున్న గుత్తి తీసి, గంట వాయించినట్టు ఊపుకుంటూ వెళ్ళాను. పిల్లలు నవ్వారు.

స్టోరు రూము తాళం చూపించి, "మన నరాల్లో ఇలాంటి తాళాలుంటాయి అనుకోండి. బి పన్నెండు దానికి తాళంచెవి. అది తిరిగితేనే నరానికి పైపూత బాగుంటుంది, కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వింటాయి" అంది. గుత్తిలోంచి పాల గది తాళంచెవి తీసి స్టోరు తాళంలో పెట్టింది. దూరింది. తిప్పింది. తిరగలేదు.

"చూశారా, చెవిలాగే ఉంది, దూరింది కూడా. కానీ పని చెయ్యదు. ఇది తాళంలో ఇరుక్కుని కూర్చుంటే అసలు చెవికి చోటుండదు. మేం చేసిన నాలుగో నంబరు తోడులో ఇదే వచ్చింది. చూడ్డానికి బి పన్నెండే, రంగు కూడా అదే. రక్తపరీక్ష మిషను కూడా రెండింటినీ ఒకటిగానే లెక్కపెట్టేస్తుంది. చేపలూ గుడ్లూ తినేవాళ్ళకి అసలు చెవులు వేరేచోట్నించి వస్తాయి కాబట్టి నెట్టుకొస్తారు. పాలూ పెరుగే ఆధారమైన వాళ్ళు మాత్రం..." అని గోడ మీదున్న పెద్ద టీవీలో ఒక వీడియో పెట్టింది.

తెల్ల ఎలుక. వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, పాదాలు నేలకేసి కొడుతూ, రెండడుగులకొకసారి తూలుతూ నడుస్తోంది.

పిల్లలు నవ్వారు. టీచరుగారు ష్ అన్నారు.

"అదృష్టం, ఎలుకల దగ్గరే బయటపడింది. వెంటనే ఆపేశాం. నాలుగో నంబరు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు" అంది హైమ.

ఆ క్షణంలో చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. ఏమన్నానో తెలుసాండీ? "ఈ ఎలుక తిన్నగా కల్లుపాకలోంచి వచ్చినట్టుందమ్మా" అన్నాను. పిల్లలు మళ్ళీ నవ్వారు. హైమ కూడా నవ్వింది.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. నా నోటికి వేరే పని రాదు.

ఇంటికెళ్ళి వంటింటి గట్టు మీదున్న పెరుగు గిన్నె నేలమీదకి తోసేశాను. అక్క పరిగెత్తుకొచ్చింది. "పిల్లి" అన్నాను. గులాబీ నీళ్ళు గచ్చు మీద కాలవ కట్టాయి. నేనే తుడిచాను, గిన్నె నేనే చింతపండేసి తోమాను, ప్యాకెట్టు పెరుగు నేనే తెచ్చాను. హమ్మయ్య అనుకున్నాను. తోడు పోయింది, ఇంక అసలు పెరుగు తింటాడు, మెల్లిగా అదే సర్దుకుంటుంది, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. చెప్తే హైమ ఉద్యోగం పోతుంది, దాని పేరు పోతుంది అని కూడా అనుకున్నాను. అది అబద్ధం. నా మొహం ఎలా చూపించాలా అన్నదొక్కటే నా భయం. మిగతా ఇరవై రెండు ఇళ్ళల్లో అందరూ చేపలు తినేవాళ్ళే, వాళ్ళకేం కాదులే అని వాటిని పక్కన పెట్టేశాను.

పది రోజులు అలా గడిపాను. రోజూ బావ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, పెరుగు వడ్డించే వేళకి మాత్రం లేచిపోయేవాణ్ణి. తొమ్మిదో రోజున మిషను తొక్కుతూ ఆగాల్సినచోట కాలు ఆగక, సూది చూపుడువేలులో దిగింది. ఆయన కేక కూడా వెయ్యలేదు. వేలి వంక చూసుకుంటూ, "నొప్పి లేదేంటోయ్?" అన్నాడు నాతో. కట్టు కట్టాను. నోరు విప్పలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం అక్క బావకి పెరుగు వేసింది. నేను కంచం వైపు చూశాను. అన్నం మెతుకుల పక్కన నీళ్ళు ఊరాయి. పల్చగా, గులాబీ రంగులో.

"అక్కా, ఈ తోడు ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి? ప్యాకెట్టు పెరుగు మీ బావకి సయించదు. పిల్లి తోసేసిన మర్నాడే సూరాయమ్మ పిన్నినడిగి తెచ్చాను. మనం ఇచ్చిందే కదా వాళ్ళకి" అంది అక్క.

పాకుతుందని హైమ నాకు మొదటి రోజే చెప్పింది. ఎవరూ పంచక్కర్లేదు, అదే పాకుతుందని చెప్పింది.

నేను బావ కంచం లాగేసుకున్నాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నవ్వాడు. "ఏంటి బామ్మర్దీ, ఇవాళ ఏం వేషం?"

చెప్పాను. చెంచా దాచిన దగ్గర్నించి ఎలుకదాకా అంతా చెప్పాను. అక్క మూతి మీద కొంగు పెట్టుకుని, "ఏడుపు కూడా వత్తాందే వీడికి! నాటకాల్లోకి ఎల్లాల్సినోడు" అని నవ్వింది. బావ మాత్రం నవ్వు ఆపేశాడు. నా మొహంలోకి చూశాడు. తర్వాత చేతిలో ముద్ద వైపు చూసి, మెల్లిగా గిన్నె పక్కన పెట్టాడు.

"తాయారూ, వీడు అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు రుద్దుకుంటాడే. ఇవాళ రుద్దుకోలేదు. అమ్మాయికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

హైమ అరగంటలో వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వాళ్ళ నాన్న పాదం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకోమని, బొటనవేలు పైకీ కిందికీ వంచుతూ, "ఇప్పుడు పైకా, కిందికా?" అని అడిగింది. బావ పైకి అన్నాడు. కిందికి వంచింది అది. మళ్ళీ అడిగింది. మళ్ళీ తప్పు చెప్పాడు. చిన్నప్పుడు తను ఎక్కాలు అప్పజెప్పించుకున్న కూతురికి ఇప్పుడు తండ్రే అప్పజెబుతూ తప్పుతున్నట్టుంది. ఆ పాదం కింద పెట్టి నా వైపు తిరిగింది.

"నీకు తెలిసి ఎన్ని రోజులైంది మామయ్యా?"

"పదకొండు."

"ఈ నరాలకి పదకొండు రోజులంటే ఎంతో తెలుసా?"

తెలీదన్నాను.

"నాకూ తెలీదు" అంది. "ఎంత తిరిగొచ్చేదో, ఎంత పోయిందో, ఎప్పటికీ తెలీదు." ఫోను చేతిలోకి తీసుకుని, "ఎన్ని ఇళ్ళు?" అంది.

"ఇరవై మూడు, మనతో కలిపి."

"ఒక్క ఇంట్లో చెంచాడు మిగిలినా మళ్ళీ పాకుతుంది. ఈ వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళకి సయించక చేపలు మానేసి ఉంటారు. వెళ్ళి అన్నీ పట్రా. నేను నాన్నకి ఇంజెక్షన్లకి ఏర్పాటు చేస్తాను."

వెళ్ళాను. మొదట సూరాయమ్మ పిన్ని ఇల్లు. "పిన్నీ, ఆ పెరుగు విషంలాంటిది, పారబొయ్యాలి, గిన్నె ఇచ్చెయ్" అన్నాను. ఆవిడ పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది. "మళ్ళీ కోడి మాట్లాడిందేంట్రా?" అంది. కాళ్ళ మీద పడ్డాను. "ఒసే రండే, బుల్లబ్బాయి కొత్త వేషం!" అని కోడళ్ళని పిలిచింది. రెండో ఇంట్లో తలుపు దగ్గరే చప్పట్లు కొట్టారు. మూడో ఇంట్లో సెల్‌ఫోను తీసి వీడియో పట్టడం మొదలెట్టారు. నేను గుండెలు బాదుకున్నకొద్దీ వాళ్ళకి నవ్వు ఎక్కువైంది. ఆరో ఇంటి పిల్ల, అయిదో నెల కడుపుతో ఉంది, గులాబీ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "బాబాయ్, నాకు చూసి చూసి నవ్వొత్తంది, కడుపులో నొప్పెడతాది, ఇంక ఆపు" అంది.

నలభై ఏళ్ళు కష్టపడి ఊళ్ళో ఒక్కరు కూడా నా మాట నమ్మకుండా చేసుకున్నాను. ఆ రోజు ఎంత పనికొచ్చిందో చూడండి.

అప్పుడు వీధి చివర నవ్వు ఆగింది. అక్కణ్ణించి ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుకుంటూ వచ్చింది.

బావ వస్తున్నాడు. హైమ చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడట, కారు వద్దన్నాడట. వీధి మధ్యలో ఒక్కడే, కాళ్ళు ఎడంగా పెట్టి, చూపు నేల మీదే ఉంచి, పాదం ఎత్తి దబ్‌మని వేస్తూ, తూలి గాలిని పట్టుకుంటూ వస్తున్నాడు. ఓణీల ఫంక్షన్లో నేను చేసినప్పుడు ఎంత బాగా చేశానో అప్పుడు తెలిసింది. ఒక్క అడుగు తేడా లేదు.

సూరాయమ్మ పిన్ని అరుగు దగ్గర స్తంభం పట్టుకుని ఆగాడు. ఆయాసం తీర్చుకుని, "మొన్న స్టేజీ మీద వీడు చేసింది చూసి అందరం నవ్వాం కదమ్మా. నేనూ నవ్వాను. ఇది ఆ పెరుగు వల్లేనంట. వీడు చెప్పేది నిజమే. గిన్నెలు ఇచ్చెయ్యండి" అన్నాడు.

కడుపుతో ఉన్న పిల్ల చేతిలో గిన్నె కింద పెట్టేసి, చేతులు చీరకి తుడుచుకోవడం మొదలెట్టింది. తుడుచుకుంటూనే ఉంది.

ఇరవై మూడు గిన్నెలు, కుండలు, డబ్బాలు తెచ్చి మా పెరట్లో నేను తవ్విన గోతిలో పోశారు. మరిగించి పోశాం, హైమ దగ్గరుండి చూసింది. సున్నం చల్లుతుంటే తెల్లటి సున్నం కూడా గులాబీ అయింది. గిన్నె పోసిన ప్రతివాళ్ళూ నా పక్కనించే వెళ్ళారు. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. నా మొహం కూడా చూడలేదు.

ఆ పిల్లకీ, ఇంకో ఇద్దరికీ ఇంజెక్షన్లు ఇచ్చారు. దేవుడి దయ, ఆ పిల్లకి మొన్న పాప పుట్టింది, బాగుంది. నన్ను చూడ్డానికి రానివ్వలేదు. అది న్యాయమే.

హైమ జరిగింది జరిగినట్టు రాసి పై అధికారులకిచ్చింది. నాలుగో నంబరు పారబొయ్యమని చెప్పి దగ్గరుండి చూడకపోవడం తన తప్పేనని కూడా రాసింది. తోడు పని ఆపేశారు. హైమని కాగితాల సెక్షనుకి మార్చారు. ఆరో నంబరు తోడు మంచిదేనట, అన్ని పరీక్షలూ నెగ్గిందట. రేచీకటి ఉన్న కొండ ఊళ్ళకి ముందు ఇద్దామనుకున్నారట. ఇప్పుడది ఫ్రిజ్జులో ఓ మూల ఉంది. ముట్టుకునేవాళ్ళు లేరు.

నా ఉద్యోగం పోయింది, దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. హైమ ఆదివారాలు వస్తూనే ఉంది. నన్ను పలకరిస్తుంది కూడా. "అన్నం తిన్నారా?" అంటుంది. ముప్పై ఏళ్ళు నువ్వు అన్న నోటితో ఇప్పుడు మీరు అంటోంది.

బావకి నాలుక మామూలైంది. వేళ్ళకి ముప్పాతిక వంతు స్పర్శ వచ్చింది. కాళ్ళకి రాలేదు. మిషనుకి మోటారు పెట్టిద్దామంటే దానికీ పాదంతోనే నొక్కాలి, ఎంత నొక్కుతున్నాడో ఆ పాదానికి తెలీదు. అందుకని నేను మిషను కింద నేల మీద కూర్చుని, పెడలు రెండు చేతులతో నొక్కుతాను. బావ పైన గుడ్డ నడుపుతూ "ఊఁ" అంటే మొదలెడతాను, "చాలు" అంటే ఆపుతాను. టకటకటక వస్తుంది గానీ పాత వరస రాదు.

మొన్న ఒక పొద్దున్న బావ అన్నాడు. "ఒరే, నాకు నేల తెలీట్లేదు. కాలు ఎక్కడ పడుతోందో, ఎందుకు తూలుతున్నానో నాకు కనపడదు కదా. నువ్వు అచ్చం పట్టేశావు ఆ రోజు. చేసి చూపించు. ఎక్కడ తప్పుతోందో చూసి దిద్దుకుంటాను."

నా వల్ల కాదన్నాను.

"స్టేజీ మీద మూడొందల మంది ముందు చేశావు, నా ఒక్కడి ముందు చెయ్యలేవా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు.

అప్పట్నించీ రోజూ పొద్దున్నే పెరట్లో, సున్నం చల్లిన ఆ గొయ్యి పక్కనే, బావ కుర్చీలో కూర్చుంటాడు, నేను ఆయన నడక నడుస్తాను. అటు చివరికీ ఇటు చివరికీ. ఆయన చూస్తాడు. "ఆగు, అక్కడ మడమ ముందు పడాలి" అంటాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి తను నడుస్తాడు. మళ్ళీ నేను. ఇద్దరం నవ్వం.

నిన్న ఆదివారం హైమ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను చూసి ఆగిపోయాను. అది నా పాదాల వైపు చూసింది. తర్వాత, "ఎడమ కాలు ఇంకా ఎడంగా వేస్తారు నాన్న. సరిగ్గా చెయ్యండి" అంది.

ఎడమ కాలు ఇంకొంచెం ఎడంగా వేసి, మళ్ళీ మొదట్నించీ నడిచాను.